బాలు చూడాలా, నిన్ను చూడాలా అన్నా?

జమ్మలమడుగులో ఆ ఆదివారం మ్యాచ్ ఓడిపోయింది మా పిల్లల వల్ల కాదు. నా నోటి వల్ల.

ప్రొద్దుటూరు నుంచి పద్నాలుగు మంది పిల్లల్ని రెండు ఆటోల్లో ఎక్కించుకుని వెళ్లాం. అక్కడి పిల్లలతో ఫ్రెండ్లీ మ్యాచ్. స్కోరు 1-1. ఇంకో ఐదు నిమిషాలు ఉంది. అవతలి టీమ్ వింగర్ బాలు తీసుకుని మా లెఫ్ట్ బ్యాక్ మీదికి వస్తున్నాడు. మావాడికి పదమూడేళ్లు. నేను లైన్ పక్కన నిలబడి "ముందుకు పోరా" అని అరిచాను. ఆ మాట పూర్తయ్యేలోపే "వెనక్కి రా, వెనక్కి" అన్నాను. ఇంకా ఆగలేక చేతిలో ఉన్న వాటర్ బాటిల్‌ని నేలకేసి కొట్టాను. ఆ చప్పుడుకి వాడు నా వైపు తిరిగాడు. ఆ ఒక్క క్షణంలో వింగర్ వాడిని దాటేశాడు. గోల్.

మ్యాచ్ అయ్యాక అందరూ అరటిపండ్లు తింటుంటే వాడు మాత్రం బూట్లు విప్పుకుంటూ మెల్లగా అడిగాడు. "అన్నా, నేను బాలు చూడాల్నా, నిన్ను చూడాల్నా?"

నా దగ్గర జవాబు లేదు. తర్వాతి శనివారం వాడు ప్రాక్టీస్‌కి రాలేదు. ఆ పై శనివారం కూడా రాలేదు.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. బెంగళూరు కంపెనీ, ఎక్కువ రోజులు ఇంటి నుంచే పని. శని, ఆదివారాలు పొద్దున్నే మా వీధి పిల్లలకి ఫుట్‌బాల్ నేర్పిస్తాను. కోచింగ్ సర్టిఫికెట్ ఏమీ లేదు. కాలేజీలో గోల్‌కీపర్‌గా ఆడిన అనుభవం, ఫోన్‌లో చూసిన వందల మ్యాచ్‌లు, అంతే. నిజం చెప్పాలంటే ఆ బాటిల్ విసరడం కూడా నేను నేర్చుకున్నదే. ఎక్కడ నేర్చుకున్నానో కూడా బాగా గుర్తుంది.

కంఠీరవలో ఆ రాత్రి

2023 జూన్ 21. బెంగళూరు శ్రీ కంఠీరవ స్టేడియం. శాఫ్ ఛాంపియన్‌షిప్‌లో ఇండియా, పాకిస్తాన్ మ్యాచ్. నేను స్టాండ్స్‌లో ఉన్నాను. సునీల్ ఛెత్రి అప్పటికే రెండు గోల్స్ కొట్టేశాడు. ఫస్ట్ హాఫ్ అయిపోవస్తోంది. పాకిస్తాన్ ఆటగాడు త్రో-ఇన్ వేయబోతుంటే మన కోచ్ ఇగోర్ స్టిమాచ్ వెనక నుంచి వచ్చి వాడి చేతిలో బాలు తోసేశాడు. అంతకు ముందు మనవాడికి ఫౌల్ ఇవ్వలేదని ఆయన కోపం. క్షణాల్లో రెండు టీములూ ఒకరి మీద ఒకరు పడ్డాయి. రిఫరీ స్టిమాచ్‌కి రెడ్ కార్డ్ చూపించాడు.

మేం ఏం చేశామంటారా? ఊగిపోయాం. ఆయన బయటికి పోతుంటే చప్పట్లు, ఈలలు. పక్క సీటులో కూర్చున్న అతను ఎవరో కూడా తెలీదు, నన్ను గట్టిగా పట్టుకున్నాడు. మన కోసం కొట్లాడే కోచ్ దొరికాడు అనిపించింది. మ్యాచ్ 4-0తో గెలిచాం. ఛెత్రి హ్యాట్రిక్, ఉదాంత సింగ్ ఒక గోల్. తన పిల్లల్ని కాపాడుకోడానికి అవసరమైతే మళ్లీ అదే పని చేస్తానన్నట్టు స్టిమాచ్ సోషల్ మీడియాలో రాసుకున్నాడు. నేను దాన్ని స్టేటస్ పెట్టుకున్నాను.

అన్నట్టే మళ్లీ చేశాడు. ఆరు రోజుల తర్వాత, జూన్ 27న కువైట్‌తో మ్యాచ్. 1-0తో ముందున్నాం. సెకండ్ హాఫ్‌లో స్టిమాచ్ మళ్లీ రెడ్ కార్డ్ తీసుకుని బయటికి పోయాడు. ఆ తర్వాత ఆట మొత్తం గొడవగా మారింది. మన రహీమ్ అలీకీ ఒక కువైట్ ఆటగాడికీ రెడ్ కార్డులు పడ్డాయి. చివరికి ఇంజురీ టైమ్‌లో అన్వర్ అలీ కాలికి తగిలి బాలు మన గోల్‌లోకే పోయింది. 1-1.

కోచ్ కోపం వల్లే ఆ సెల్ఫ్ గోల్ పడిందని నేను అనను. అలా తేల్చడం ఎవరి వల్లా కాదు. కానీ మొదటి మ్యాచ్‌లో మనల్ని ఊపేసిన కోపమే, రెండో మ్యాచ్‌లో మైదానం మొత్తాన్ని ఊపేసింది. అది నాకు ఆ రోజు కనపడలేదు.

ఇంకోటి కూడా కనపడలేదు. స్టిమాచ్ మీద రెండు మ్యాచ్‌ల నిషేధం, 500 డాలర్ల జరిమానా పడ్డాయి. లెబనాన్‌తో సెమీఫైనల్‌కీ, కువైట్‌తో ఫైనల్‌కీ టచ్‌లైన్ దగ్గర నిల్చున్నది అసిస్టెంట్ కోచ్ మహేశ్ గావ్లీ. రెండూ పెనాల్టీ షూటౌట్ దాకా వెళ్లాయి. రెండూ గెలిచాం. జూలై 4న గుర్‌ప్రీత్ సింగ్ సంధు ఆఖరి కిక్ ఆపాడు, కప్పు మనది. అంటే హెడ్ కోచ్ లైన్ పక్కన లేకుండానే మన కుర్రాళ్లు రెండు నాకౌట్ మ్యాచ్‌లు తట్టుకున్నారు. వాళ్లని అంతలా తయారుచేసింది కూడా ఆ స్టిమాచే కదా అంటే, అవును. నేను చెప్పేది కూడా అదే. పని ఎక్కువ భాగం మ్యాచ్‌కి ముందే అయిపోతుంది.

అరవడానికే రూల్ ఒప్పుకోని రోజులు

ఇప్పటి వాళ్లకి ఆశ్చర్యంగా ఉంటుంది కానీ, 1993 దాకా లైన్ పక్క నుంచి కోచింగ్ ఇవ్వడానికి ఫుట్‌బాల్ రూల్స్ ఒప్పుకునేవి కావు. ఆ ఏడాదే టెక్నికల్ ఏరియా వచ్చింది. టీమ్ కూర్చునే సీట్లకి అటూ ఇటూ ఒక మీటరు, ముందుకి టచ్‌లైన్‌కి ఒక మీటరు దూరం దాకా. కోచ్ రాజ్యం అంతే. కోచ్‌లకి ఎల్లో, రెడ్ కార్డులు చూపించడం 2019 నుంచి రూల్స్‌లోకి వచ్చింది.

మరి అంతకు ముందు గొప్ప కోచ్‌లు ఏం చేసేవాళ్లు? దీనికి జవాబు మన హైదరాబాద్‌లోనే ఉంది. సయ్యద్ అబ్దుల్ రహీమ్. వృత్తికి టీచర్. ఆయన చేతిలో హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఇండియా 1951, 1962 ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణాలు గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 2024లో అజయ్ దేవగణ్ చేసిన 'మైదాన్' సినిమా ఈయన గురించే.

రహీమ్ సాబ్ పిల్లలకి విచిత్రమైన పోటీలు పెట్టేవాడు. డ్రిబ్లింగ్ చేయకూడదు అని ఒక పోటీ. బలం లేని కాలితోనే ఆడాలి అని ఇంకో పోటీ. కుడికాలి వాడు ఎడమకాలితో ఆడాలన్నమాట. మ్యాచ్‌లో "ఎడమకాలితో కొట్టు" అని అరవాల్సిన పని లేకుండా, అంతకు ముందే ఆ కాలికి నేర్పించేశాడు.

1962 సెప్టెంబర్ 4, జకార్తా ఫైనల్. ఎదురుగా అప్పటికే గ్రూప్ మ్యాచ్‌లో మనల్ని 2-0తో ఓడించిన దక్షిణ కొరియా. స్టేడియంలో దాదాపు లక్ష మంది, ఎక్కువ మంది మనకి వ్యతిరేకం. ఇజ్రాయెల్, తైవాన్‌లని ఆటలకి రానివ్వలేదని మన అధికారి జి.డి. సోంధీ విమర్శించడంతో అక్కడి జనం కోపంగా ఉన్నారు. ఆ హోరులో కోచ్ గొంతు ఎవరికి వినపడుతుంది? రహీమ్ తలకి కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని ఫార్వర్డ్‌గా ఆడించాడు. పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్. 2-1. అప్పటికే రహీమ్‌ని క్యాన్సర్ తినేస్తోంది. 1963 జూన్ 11న చనిపోయాడు. ఆయనకి ప్యాషన్ తక్కువ అని ఎవరైనా అనగలరా?

ఫ్యాన్స్‌కి ఒకటి, ఆటగాడికి ఒకటి

అలాగని లైన్ పక్కన ఎగిరేవాళ్లంతా తప్పు అనట్లేదు. క్లాప్‌ని చూడండి. 2018 డిసెంబర్ 2న ఎవర్టన్ మీద 96వ నిమిషంలో ఒరిగీ గోల్ కొట్టగానే గ్రౌండ్‌లోకి పరిగెత్తి గోల్‌కీపర్ అలిసన్‌ని వాటేసుకున్నాడు. 8,000 పౌండ్ల జరిమానా కట్టాడు. ఫ్యాన్స్‌కి ఆ క్లిప్ ఇప్పటికీ పండగే. అట్లెటికో కోచ్ సిమియోనె అయితే రెండు చేతులూ పైకి ఊపి స్టేడియం మొత్తాన్ని అరిపిస్తాడు. అక్కడ ఆయన మాట్లాడేది జనంతో. ఇంకో పక్క అంచెలోటి ఉన్నాడు. కనుబొమ్మ ఒకటి పైకి లేపి, చూయింగ్ గమ్ నములుతూ కోచ్‌గా ఐదు ఛాంపియన్స్ లీగ్ కప్పులు గెలిచాడు.

నాకు అర్థమైంది ఇది. కోచ్ ఆవేశం ఫ్యాన్స్‌కి, ఆటగాళ్లకి ఒకేలా చేరదు. మనం స్టాండ్స్‌లో చేయడానికి ఏమీ లేనివాళ్లం. లోపల ఉన్న టెన్షన్‌కి దారి కావాలి. కోచ్ ఎగిరితే మన బదులు ఆయన ఎగిరినట్టు ఉంటుంది. ఆటగాడికి అలా కాదు. వాడికి ఆ క్షణంలో చేయాల్సిన పని ఉంది. బాలు, మార్క్ చేయాల్సిన మనిషి, వెనక ఖాళీ, ఇవన్నీ ఒకేసారి చూసుకోవాలి. పైన ఇంకో గొంతు వస్తే ఏదో ఒకటి జారిపోతుంది. పెద్ద ఆటగాళ్లు ఆ గొంతుని పక్కన పెట్టేయగలరు. పదమూడేళ్ల పిల్లోడు పెట్టలేడు. వాడికి కోచ్ కోపం అంటే ట్యాక్టిక్స్ కాదు, తిట్టు.

పులివెందులలో ఇంజినీరింగ్ చదివేటప్పుడు మాకు ఒక సార్ ఉండేవారు. మ్యాచ్ జరుగుతుంటే చెట్టు కింద కుర్చీ వేసుకుని కూర్చునేవారు. హాఫ్ టైమ్‌లో రెండే మాటలు చెప్పేవారు, మూడోది చెప్పరు. ఒక్కసారి మాత్రం, రిఫరీ మాకు న్యాయంగా రావాల్సిన పెనాల్టీ ఇవ్వకపోతే లేచి లైన్ దగ్గరికి వచ్చి గట్టిగా అడిగారు. సారే లేచినాడంటే మాకు ఒళ్లు జలదరించింది. పిచ్చెక్కినట్టు ఆడి పది నిమిషాల్లో గోల్ కొట్టాం. ఆ ఊపులో డిఫెన్స్ కూడా ముందుకి పోయింది. ఒక్కడినే వెనక మిగిలాను. రెండు గోల్స్ తిన్నాను. బస్సులో సార్ "తప్పు నాదే అబ్బీ, నేను లేయకుండా ఉండాల్సింది" అన్నారు. అప్పుడు ఆ మాట అర్థం కాలేదు. ఓడింది మేమైతే సార్ తప్పేంటి అనుకున్నాను.

జమ్మలమడుగు మ్యాచ్ వీడియో మా ఫ్రెండ్ ఒకడు తీశాడు. మూడు వారాల తర్వాత ధైర్యం చేసి చూశాను. నేను కామెంటరీ చెప్పినట్టు ఆగకుండా అరుస్తున్నాను. నా కోడ్‌లో ఎవరైనా పది లైన్లకి పది రకాల సూచనలు ఇస్తే నేను ల్యాప్‌టాప్ మూసేస్తాను. ఇంకో సంగతి, నేను అరిచిన ప్రతిసారీ నా వెనక ఉన్న పిల్లల నాన్నలు కూడా అరుస్తున్నారు. నేను బాటిల్ విసిరాక ఒకాయన సొంత కొడుకునే తిట్టాడు. కంఠీరవలో స్టిమాచ్‌ని చూసి నేను ఊగినట్టే, ఇక్కడ నన్ను చూసి వాళ్లు ఊగారు.

మళ్లీ లైన్ పక్కకి

ఆ రోజు సాయంత్రమే లెఫ్ట్ బ్యాక్ వాళ్ల ఇంటికి వెళ్లాను. వాళ్ల అవ్వ మంచినీళ్లు ఇచ్చి, "అరుస్తావంట గదా నాయనా" అంది. తల దించుకున్నాను. వాడు లోపలి గదిలోంచి బయటికి రావడానికి పది నిమిషాలు పట్టింది. "సారీ రా" అన్నాను. ఏమీ మాట్లాడలేదు. "ఇంక బాలే చూడు. నన్ను చూడొద్దు" అన్నాను. "మళ్లా అరిస్తే?" అన్నాడు. "అరిస్తే ఆ మ్యాచ్ అయ్యేదాకా నేను ఆటోలో కూర్చుంటా" అన్నాను.

తర్వాతి మ్యాచ్ పులివెందులలో. ముందు వారం అంతా లెఫ్ట్ బ్యాక్‌లకి ఒక్కటే నేర్పించాను. వింగర్ వస్తే ఎప్పుడు ముందుకి పోవాలి, ఎప్పుడు ఆగాలి. అది మ్యాచ్‌లో అరవాల్సింది కాదు, ముందే చెప్పాల్సింది. మ్యాచ్ రోజు సుద్దతో గ్రౌండ్ బయట నాకంటూ ఒక డబ్బా గీసుకున్నాను. చేతిలో బాటిల్ బదులు నోట్‌బుక్. అరవాలనిపించిన ప్రతిసారీ ఒక గీత పెట్టాను. మ్యాచ్ అయ్యేసరికి నలభై ఒక్క గీతలు. నోరు దాటి బయటికి వచ్చినవి మూడు. మూడూ "శభాష్" లే.

ఓడిపోయాం, 2-1. సినిమా కాదు కదా. అవతలి టీమ్ మాకంటే బాగా ఆడింది. కానీ ఆఖర్లో వాళ్ల వింగర్ మళ్లీ మావాడి మీదికి వచ్చాడు. మావాడు తొందరపడలేదు. రెండడుగులు వెనక్కి వేసి, ఆగి, సరైన టైమ్‌కి కాలు పెట్టి బాలు బయటికి కొట్టేశాడు. కొట్టి నా వైపు చూడలేదు. త్రో-ఇన్ ఎవరిదా అని రిఫరీ వైపు చూశాడు.

నా వెనక ఉన్న నాన్నలు చప్పట్లు కొట్టారు. నేను నలభై రెండో గీత పెట్టుకున్నాను.