ఇంట్లో ఆఫీసా... ముందు కుర్చీ చూడండి!

ఇంజినీరింగ్ పట్టా చేతికి రాగానే తిరుపతి పిల్లలు చాలామంది పెట్టె సర్దుకునేది రెండు ఊళ్లకే. ఒకటి దాదాపు 140 కిలోమీటర్ల దూరంలోని చెన్నై, రెండోది 250 కిలోమీటర్ల దూరంలోని బెంగళూరు. పండక్కో పబ్బానికో తప్ప ఇంటికి రాని వాళ్లంతా 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే ల్యాప్‌టాప్‌లతో సహా ఇల్లు చేరారు. అమ్మ చేతి సంగటి దొరికిందని సంబరపడేలోపే నడుంనొప్పి, మెడనొప్పి మొదలయ్యాయి. మంచమే ఆఫీసు, దిండే టేబులు అయితే రాకుండా ఎలా ఉంటాయి! తర్వాత చాలా కంపెనీలు ఆఫీసులకు రమ్మన్నాయి. అయినా వారంలో కొన్ని రోజులు ఇంటి నుంచే పనిచేసే పద్ధతి చాలాచోట్ల మిగిలింది. అలాంటివాళ్లు ఇంట్లో ఉన్న ఓ మూలను ఆఫీసుగా మార్చుకోవాలంటే ఏం కొనాలి, ఏది ముందు కొనాలి?

కుర్చీకి అంత డబ్బా?

వేలు పోసి కుర్చీ కొంటామంటే పెద్దవాళ్లు ముక్కున వేలేసుకుంటారు. కానీ రోజుకు ఎనిమిది గంటలు ఒంటి బరువు మోసేది అదే. ఎత్తు తగ్గించి పెంచుకునే వీలు, నడుం దగ్గర ఆసరా ఉన్నవి చూసుకోవాలి. కూర్చుంటే పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి. టైప్ చేసేటప్పుడు మోచేతులు బల్లకు సమానంగా ఉండాలి. మన డైనింగ్ టేబుళ్ల ఎత్తు సాధారణంగా 30 అంగుళాలు. పొట్టివాళ్లకు అది ఎక్కువే. కుర్చీ పైకి లేపుకుని కాళ్ల కింద పాత చెక్కపీట వేసుకుంటే సరి! ఇప్పుడే కొనలేనివాళ్లు తువ్వాలు చుట్టి నడుం వెనక పెట్టుకున్నా కొంత నయమే.

ల్యాప్‌టాప్‌లో తెర, కీబోర్డు అతుక్కుని ఉంటాయి. తెరను పైకి లేపితే చేతులకు, కిందికి దించితే మెడకు కష్టం. అందుకే విడిగా కీబోర్డు, మౌస్ కొని, ల్యాప్‌టాప్ కింద నాలుగు లావుపాటి పుస్తకాలు పెట్టాలి. తెర పైఅంచు కంటికి సమానంగా, చేయి చాచినంత దూరంలో ఉండాలి. కిటికీ పక్కకు వచ్చేలా కూర్చుంటే తెరమీద వెలుగు పడదు. ప్రతి 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూస్తే కళ్లు తేరుకుంటాయి.

కరెంటు పోతే...

మీటింగు మధ్యలో కరెంటు పోతే పోయేది మాట ఒక్కటే కాదు, పై అధికారి దగ్గర నమ్మకం కూడా. ల్యాప్‌టాప్, రౌటరు, తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీ ఫ్యాను, ఒక ఎల్ఈడీ లైటు... అన్నీ కలిపినా 100 వాట్ల చుట్టుపక్కలే. 150 ఏహెచ్ కొత్త బ్యాటరీ ఉన్న ఇన్వర్టరైతే సగం చార్జితోనే ఆరేడు గంటలు లాగుతుంది. దాన్ని ‘యూపీఎస్’ మోడ్‌లో పెట్టుకుంటే రౌటరు ఆగి మళ్లీ మొదలయ్యే బెడద తగ్గుతుంది. ఇన్వర్టరు లేనివాళ్లకు రౌటరు ఒక్కదానికే సరిపోయే చిన్న యూపీఎస్‌లు దొరుకుతాయి. రౌటరు అడాప్టర్ మీద 9 వోల్టులా, 12 వోల్టులా చూసి దానికి తగ్గది తీసుకోవాలి.

పాత మిద్దెల మందపాటి గోడల్ని వైఫై దాటలేదు. అలాంటిచోట ఖరీదైన రౌటరు కంటే ఓ కేబుల్ లాగించుకోవడం మేలు. కుక్కరు విజిల్, వీధిలో మైకు అవతలివాళ్లకు వినిపించకుండా నోటి దగ్గర మైకు ఉండే హెడ్‌సెట్ ఎంచుకోవాలి. మే నెలలో తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి మిద్దెమీద గది కంటే కింది గదే నయం. ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెడితే గాలి ఆడక ఇంకా వేడెక్కుతుంది.

ఇవన్నీ ఒకేసారి కొనక్కర్లేదు. మొదటి నెల కుర్చీ, రెండో నెల కీబోర్డు, మౌస్, హెడ్‌సెట్... ఎండాకాలం వచ్చేలోగా ఇన్వర్టరు. ఇన్ని చేసినా నొప్పి తగ్గకపోతే మాత్రం ఇంకో కుర్చీ కోసం వెతక్కుండా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే!