కోసినా నల్లబడని ఆపిల్: సరుకుతో పాటు కాగితమూ చూడాలి

ఆపిల్‌ను ముక్కలు కోసి సంచుల్లో అమ్మే వ్యాపారానికి ఒక చిక్కు వున్నది. కోసిన కొద్దిసేపటికే గుజ్జు నల్లబడుతుంది. అందుచేత ముక్కలను కాల్షియం, విటమిన్ 'సి' కలిసిన ద్రావణంలో ముంచి ప్యాక్ చేస్తారు. ఆ ఖర్చు ధరపై పడుతుంది. ఈ చిక్కును చెట్టులోనే తీర్చివేసిన సరుకు 'ఆర్కిటిక్' ఆపిల్. నీల్ కార్టర్ 1996లో కెనడాలోని సమ్మర్‌లాండ్‌లో స్థాపించిన ఒకానగన్ స్పెషాల్టీ ఫ్రూట్స్ కంపెనీ దీనిని రూపొందించింది.

బాక్టీరియా చేసే పని

ఇందుకు సాధనం ఆగ్రోబాక్టీరియం అనే నేల బాక్టీరియా. పండ్లతోటల వారికి ఇది పాత శత్రువే. చెట్టు మొదట్లో గాయం గుండా చొరబడి, తన జన్యువుల్లో కొన్నిటిని చెట్టు కణంలోకి ఎక్కించి, బుడిపెలు పుట్టిస్తుంది. శాస్త్రజ్ఞులు ఆ బుడిపెల జన్యువులను తీసివేసి, తమకు కావలసిన జన్యువును దానిచేత మోయిస్తున్నారు. ఇంగ్లండులోని ఈస్ట్ మాలింగ్‌లో 'గ్రీన్‌స్లీవ్స్' రకం ఆపిల్‌పై ఈ పద్ధతి ఫలించినట్లు 1989లో వెల్లడయింది.

ఆపిల్ గింజ నాటితే తల్లి రకం రాదు. బజారులో పేరున్న రకమే కావాలంటే ఆ రకం ఆకు ముక్క నుంచే చెట్టును తెప్పించాలి. ఆకు ముక్కలకు బాక్టీరియాను పట్టించి, తర్వాత మందుతో దానిని చంపి, కొత్త జన్యువు ఎక్కిన కణాలను ఏరి, హార్మోన్లతో మొలకలు తెప్పిస్తారు. ఆ మొలకలను అంటుకట్టి పెంచుతారు. ముక్కలు ఎన్ని పెట్టినా పనికివచ్చే మొలకలు కొద్ది. కాయ చూడటానికి ఏళ్లు పడుతుంది. పెట్టుబడి అంతకాలమూ కదలకుండా వుండవలసిందే.

ఆర్కిటిక్ ఆపిల్‌లో ఎక్కించిన జన్యువు, గుజ్జును నల్లబరిచే ఎంజైము తయారీని అణచివేస్తుంది. కుళ్లు మాత్రం ఆగదు. నిలవకు మామూలు జాగ్రత్తలన్నీ అవసరమే.

రైతుల అభ్యంతరం

కంపెనీ 2010లో అమెరికా వ్యవసాయ శాఖకు దరఖాస్తు చేసింది. గోల్డెన్ డెలిషస్, గ్రానీ స్మిత్ రకాలకు 2015 ఫిబ్రవరిలో అనుమతి లభించింది. కెనడా మరుసటి నెలలో ఒప్పుకున్నది. అయితే బ్రిటిష్ కొలంబియా పండ్ల రైతుల సంఘం, అమెరికా ఆపిల్ సంఘం వ్యతిరేకించాయి. వారి ప్రధాన దిగులు బజారు గురించే. కొనేవారికి అనుమానం తగిలితే మామూలు ఆపిల్ గిరాకీ కూడా దెబ్బతింటుందని వారి వాదన.

కంపెనీ తన తోటల పంటను ముక్కలు కోయించి, తన పేరుగల సంచుల్లోనే బజారులో దించింది. 2017 ఆరంభంలో అమెరికా మధ్యపశ్చిమ రాష్ట్రాల్లో సుమారు 10 దుకాణాల్లో తొలి అమ్మకాలు జరిగాయి. తోట నుంచి దుకాణం దాకా ఒకే చేతిమీదుగా నడిచే ఇటువంటి సరుకులో కమీషన్ ఏజెంటుకు చోటు తక్కువ. 2022 జనవరి నుంచి ఇటువంటి ఆహారాల సమాచారం వెల్లడించడం అమెరికాలో తప్పనిసరి అయింది.

మన దిగుమతిదారులకు

కోయని కాయను చూసి అది ఆర్కిటిక్ అవునో కాదో చెప్పడం సాధ్యం కాదు. మన దేశపు నిబంధనకు ప్రాముఖ్యం ఇక్కడే. ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020 ఆగస్టులో ఇచ్చిన ఉత్తర్వు 2021 మార్చి 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం 24 పంటల దిగుమతులకు, సరుకు జన్యుమార్పిడి చెందినది కాదని ఎగుమతి దేశపు అధికార సంస్థ ధృవపత్రం ఇవ్వాలి. ఆ జాబితాలో ఆపిల్, బొప్పాయి, అనాస, ప్లమ్ వున్నాయి. పొరపాటున కలిసే సరుకు 1 శాతం మించరాదు.

రంగు, సైజు, గట్టిదనం చూసి రేటు కట్టే అనుభవం ఒక్కటే ఇక్కడ చాలదు. ఎల్.సి. తెరవకముందే ధృవపత్రం సంగతి ఎగుమతిదారుతో తేల్చుకోవడం మేలు. కాగితం రాక ఆలస్యమైతే రేవులో డెమరేజి ఒకవైపు, కాయ నాణ్యం తగ్గుదల మరొకవైపు దిగుమతిదారు లాభాన్ని తినివేస్తాయి.