తల కిందికి తిరిగితే తేలిక
నెలలు నిండే వేళ బిడ్డ ఎటు తిరిగిందన్నదే కాన్పు తీరును తేలుస్తుంది. ఎదురుకాళ్లంటే మాత్రం కోత ఒక్కటే దారి కాదు

ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు తొక్కితే నడుం పట్టు ఇట్టే వదులుతుందని తెలుగు పల్లెల్లో ఓ నమ్మకం. కొత్త తరంలో అలాంటివాళ్లు అరుదు. స్కాన్ రిపోర్టులో 'బ్రీచ్' అన్న మాట కనబడితే చాలు, చాలాచోట్ల ఆపరేషన్‌కు తేదీ ఖాయమైపోతుంది.

నిజానికి ఏడో నెల దాకా ఆ మాటకు పెద్దగా అర్థం లేదు. చుట్టూ ఉమ్మనీరు, కావలసినంత చోటు. పొద్దున తల పైకి ఉన్న బిడ్డ సాయంత్రానికి కిందికి తిరగొచ్చు. 28 వారాలప్పుడు నలుగురైదుగురిలో ఒకరికి పిరుదులే కిందివైపు ఉంటాయి. నెలలు నిండేసరికి అలా మిగిలేది నూటికి ముగ్గురు నలుగురే.

ఈ మార్పు వెనక ఉన్నది చోటు లెక్క. గర్భాశయం బోర్లించిన జామకాయలా ఉంటుంది. పైన వెడల్పు, కింద ఇరుకు. ముడుచుకున్న కాళ్లు, పిరుదులు కలిస్తే తలకన్నా ఎక్కువ చోటు కావాలి. అందుకే ఎదిగే కొద్దీ బిడ్డ కాళ్లు పైకి, తల కిందికి పెట్టి సర్దుకుంటుంది. తొలిచూలులో తరచు నొప్పులకు కొన్ని వారాల ముందే తల కటిలోకి దిగుతుంది. తల్లికి ఆయాసం తగ్గుతుంది, మూత్రానికి వెళ్లడం పెరుగుతుంది. మలిచూలులో చాలాసార్లు నొప్పులు మొదలయ్యాకే తల దిగుతుంది.

కొందరు ఎందుకు తిరగరు? మాయ కిందికి ఉండటం, గర్భాశయంలో గడ్డలు, కవలలు, ఉమ్మనీరు మరీ ఎక్కువ లేదా తక్కువ కావడం వంటివి కారణాలు. చాలామందిలో ఏ కారణమూ కనబడదు. అది తల్లి తప్పు అసలే కాదు.

ఎదురుకాళ్ల కాన్పులో ముప్పు ఏమిటంటే, అన్నిటికన్నా పెద్దదైన తల చివర్లో రావాలి. అది ఇరుక్కోవచ్చు, బొడ్డుతాడు ముందే జారవచ్చు. 2000లో 26 దేశాల్లో రెండువేల మందికి పైగా గర్భిణులపై జరిగిన పరిశోధన, ఇలాంటప్పుడు ముందే సిజేరియన్ చేయడం బిడ్డకు క్షేమమని తేల్చింది. దాంతో ప్రపంచమంతా కత్తి వైపు మొగ్గింది. అదే పరిశోధనలోని కొందరు పిల్లలను రెండేళ్ల వయసులో చూస్తే, మరణాల్లోగానీ ఎదుగుదల లోపాల్లోగానీ తేడా లేదని 2004లో వెల్లడైంది. కానీ అప్పటికే ఎదురుకాళ్ల కాన్పు చేసే నేర్పు డాక్టర్ల చేతుల్లోంచి జారిపోవడం మొదలైంది.

ఈ రెంటికీ నడుమ మరో దారి ఉంది. 36-37 వారాలప్పుడు డాక్టర్ పొట్టపై చేతులతో మెల్లగా ఒత్తి బిడ్డను తిప్పే పద్ధతి (ఈసీవీ). ఇది సుమారు సగం మందిలో ఫలిస్తుంది. ముందు స్కానింగ్, బిడ్డ గుండె చప్పుడు పరీక్ష, అవసరమైతే గర్భాశయాన్ని వదులుచేసే మందు ఉంటాయి. మాయ అడ్డుగా ఉన్నవారికి, కవలలు ఉన్నవారికి ఇది పనికిరాదు. ఆపరేషన్ థియేటర్ అందుబాటులో ఉన్న ఆస్పత్రిలోనే చేయాలి. ఇంట్లో ఎవరితోనో పొట్ట రుద్దించుకుని తిప్పించాలనుకోవడం మాత్రం ప్రమాదం.

ఇదంతా ఎందుకు పట్టించుకోవాలంటే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో కాన్పుల్లో 21.5 శాతం సిజేరియన్లు. తెలంగాణలో 60.7, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. నూటికి ముగ్గురు నలుగురు ఎదురుకాళ్ల బిడ్డలతో ఈ అంకెలను సమర్థించలేం. అయితే తొలి కాన్పులో కోత పడితే తర్వాతి కాన్పూ చాలావరకు అదే బాట పడుతుంది. మాయ గర్భాశయానికి అతుక్కుపోయే ముప్పు ఒక్కో కోతతో పెరుగుతుంది. అంటే తొలిచూలులో తప్పించగలిగిన ఒక్క ఆపరేషన్ ఆ తల్లికి ముందుముందు కూడా రక్షణే.

బిడ్డ అడ్డంగా ఉండిపోతే మాత్రం సందేహం వద్దు. నొప్పులు మొదలైనా, ఉమ్మనీరు పోయినా వెంటనే ఆస్పత్రి చేరాలి. అక్కడ సిజేరియన్ ప్రాణం నిలుపుతుంది.

2016లో మొదలైన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రతి నెలా 9న ప్రభుత్వాస్పత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుతాయి. తొమ్మిదో నెలలో అక్కడైనా, ప్రైవేటులోనైనా అడగాల్సిన ప్రశ్నలు రెండే: తల ఎటుంది? కిందికి లేకపోతే తిప్పే ప్రయత్నం చేయగలరా? ఆపరేషన్ తేదీ రాసుకునే ముందే ఈ రెంటికీ జవాబు రావాలి.