సాల్మన్ ఫ్లైకి అసలు ఈకే కావాలా?

“అసలు ఈక లేకుండా కట్టిన సాల్మన్ ఫ్లై నకిలీదే.” సాల్మన్ చేపను పట్టేందుకు గాలపు ముల్లుకు ఈకలు చుట్టి ఫ్లైలు కట్టేవాళ్ల మధ్య ఈ మాట ఎన్నేళ్లుగానో తిరుగుతోంది. ఎవరి పిచ్చి వారికానందం అని వదిలేద్దామంటే, దీనివల్ల జరిగిన నష్టం కళ్లెదుటే ఉంది. 2009 జూన్‌లో, లండన్‌లో ఫ్లూట్ నేర్చుకుంటున్న ఓ అమెరికన్ కుర్రాడు ట్రింగ్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియం కిటికీ పగలగొట్టి లోపలికి దూరాడు. అప్పటికే అతను ఫ్లైలు కట్టడంలో పేరున్నవాడు. కోటింగాలు, క్వెట్జల్‌లు, స్వర్గ పక్షులు కలిపి 299 పక్షి చర్మాలు సూట్‌కేసులో సర్దుకుని పోయాడు. వాటిలో ప్రకృతి శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలస్ సేకరించినవీ ఉన్నాయి. చెక్కుచెదరకుండా తిరిగి దొరికినవి 174, వాటిలో చీటీలు మిగిలినవి 102. ఏ పక్షిని ఎవరు, ఎప్పుడు, ఎక్కడ పట్టారో చెప్పే చీటీ పోయాక పరిశోధకుడికి ఆ చర్మం దాదాపు నిరుపయోగం. అతను ఇదంతా చేసింది కొనేవాళ్లు ఉన్నారు కాబట్టే. ఆ కొనేవాళ్లను తయారుచేసింది ఈ “అసలు ఈక” మాటే.

మొదట చేప సంగతి చూద్దాం. గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి నదికి ఎదురెక్కే అట్లాంటిక్ సాల్మన్ మేత మానేస్తుంది. ఆకలే లేని చేప, పారే నీళ్లలో ఒక్క క్షణం కనబడిన ఫ్లై మీదికి దూకేముందు ఆ ఎర్ర ఈక ఏ ఖండపు పక్షిదో విచారిస్తుందా? స్కాట్లండ్‌లోని స్పే నది మీద పాతకాలం వాళ్లు కోడి, కొంగ, బాతు ఈకలతో కట్టిన మసక రంగు ఫ్లైలకు సాల్మన్‌లు పడ్డాయి. ఇప్పుడు అక్కడ ఎక్కువమంది వేసేవి రంగేసిన జింక తోక వెంట్రుకలతోనో ఉడుత వెంట్రుకలతోనో కట్టినవి. విల్లీ గన్ అనే ఫ్లై అలాంటిదే. దానికీ పడుతున్నాయి.

చేపతో మాకు పనేమిటి, మేం సంప్రదాయం కోసం కడుతున్నాం అంటారు. అయితే ఆ సంప్రదాయాన్నే చదవండి. జాక్ స్కాట్ ఫ్లై రెక్కలో పసుపు, ఎరుపు, నీలం రంగులద్దిన హంస ఈక పోగులు ఉంటాయి. అంటే రంగేసిన ఈక విక్టోరియా కాలం కూర్పులోనే ఉంది! జార్జ్ కెల్సన్ 1895లో ‘ది సాల్మన్ ఫ్లై’ రాసేనాటికి ఆడవాళ్ల టోపీల కోసం ప్రపంచం నలుమూలల నుంచి పక్షి చర్మాలు ఓడల్లో లండన్ చేరేవి. ఫ్లైలు కట్టేవాళ్లు చేతికందిన ఆ సరుకునే వాడుకున్నారు. ఆ వ్యాపారం చేసిన విధ్వంసం చూసి 1921లో బ్రిటనే ఈకల దిగుమతిని నిషేధించింది. వందేళ్ల కిందట అంగడిలో దొరికిన సరుకును ఈనాడు శాస్త్రంగా పాటించమనడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఒక్కటి మాత్రం ఒప్పుకోక తప్పదు. కొన్ని ఈకలకు సరైన జోడీ లేదు. కోటింగా నీలం ఈక లోపలి అమరిక వెలుగును చెదరగొట్టడం వల్ల పుట్టేది. అద్దకంతో ఆ మెరుపు పూర్తిగా రాదు. మన నల్లమలలోనూ తిరిగే బూడిదరంగు అడవికోడి మెడ ఈకలూ అంతే. వాటి కొసన కాడ చదునై, మైనపు చుక్క బిగిసినట్టు మెరుస్తుంది. అద్దాల చట్రంలో పెట్టి దగ్గర నుంచి చూసే ఫ్లైలో ఈ తేడా కనిపిస్తుంది. కనిపించనివ్వండి. ఆ తేడా కోసం ఒక పక్షి ప్రాణం, ఒక మ్యూజియం అర పోనక్కర్లేదు.

మిగతా అపోహలు అంత సేపు మాట్లాడదగ్గవి కావు. ఫ్లై కూర్పుల్లోని ‘ఇండియన్ క్రో’ మన కాకి కాదు, దక్షిణ అమెరికా అడవుల పక్షి. అడవికోడి ఈకలన్నీ దొంగసరుకే అనడమూ తప్పు. బ్రిటన్‌లో ఫారాల్లో పెంచిన వాటివి చట్టబద్ధంగా దొరుకుతాయి. అమ్మేవాడి దగ్గర ఆ సంగతి చూపే కాగితం అడిగి చూడండి, మాట నమ్మి కొనకండి. పాత చర్మం కాబట్టి పాపం లేదనేవాళ్లు ట్రింగ్‌లో పోయినవీ పాతవేనని గుర్తుంచుకోవాలి.

ప్రత్యామ్నాయాలకు కరువేమీ లేదు. బస్టర్డ్ బదులు మచ్చల టర్కీ ఈక, హంస బదులు పెంపుడు బాతు ఈక, టూకాన్ బదులు పసుపద్దిన పెట్ట మెత్తటి ఈకలు, ఇండియన్ క్రో బదులు నారింజ ఎరుపు అద్దిన ఫెజెంట్ ఛాతీ ఈకలు చాలు. ఈకల్ని ముందు సబ్బు నీళ్లలో కడిగి జిడ్డు పోగొట్టండి. ఉన్ని, పట్టు అద్దే యాసిడ్ రంగులో కాస్త వెనిగర్ కలిపి, వేడినీళ్లలో నానబెట్టండి. నీళ్లు మరగకూడదు. చీలిన అడవికోడి ఈకను పారేయకుండా వెనకనుంచి సన్నగా వార్నిష్ రాసి అతకండి.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకు ఇంకో మాట. రాలిన ఈక ఎవరిదీ కాదనుకుని సామానులో పెట్టుకెళ్లకండి. రాలిన నెమలి ఈకలు దేశంలో అమ్ముకోవడానికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వీలిచ్చింది, కానీ ఎగుమతి నిషిద్ధం. అడవికోడి ఈకకైతే ఆ వెసులుబాటూ లేదు. అమెరికాలో పెరట్లో రాలిన బ్లూ జే ఈక ఏరి దాచుకోవడమూ 1918 నాటి వలస పక్షుల చట్టం కింద నేరమే. నీలం కావాలంటే తెల్లకోడి ఈకకు రంగద్దండి.