చలి రాత్రి... వెచ్చని దుప్పటి... ఓ మంచి సినిమా!

ధనుర్మాసం వచ్చిందంటే మా నర్సీపట్నంలో అయిదున్నరకే చీకటి పడిపోతుంది. లంబసింగి కొండలు మాకు దగ్గరే కదా, పొద్దు గూకేసరికి వీధి తలుపు వేసుకోవాల్సిందే. ఇక ఎవరి దుప్పట్లో వాళ్లు, ఎవరి సెల్‌ఫోన్‌తో వాళ్లు. మీ ఇంట్లోనూ ఇంతే కదూ?

అందుకే పోయిన చలికాలం నుంచి మేము ప్రతి శనివారం రాత్రి ఇంటిల్లిపాదీ కలిసి ఒక సినిమా చూడటం మొదలుపెట్టాం. ఇందులో కొత్తేముంది, టీవీలో రోజూ వస్తూనే ఉన్నాయిగా అంటారేమో. వస్తున్నాయి సరే, మీరు ఒక్క సినిమా అయినా మొదటినుంచి ఆఖరిదాకా కదలకుండా కూర్చుని చూశారా? గుండెమీద చెయ్యి వేసుకుని చెప్పండి!

నా సంగతే తీసుకోండి. పెళ్లయి 22 ఏళ్లు. 'మాయాబజార్' ఈ ఇంట్లో పదిసార్లు విన్నాను. విన్నానంటే నిజంగా విన్నాననే, వంటింట్లోంచి. ఘటోత్కచుడు పెళ్లివారి వంటలన్నీ ఆరగించే ఘట్టం వచ్చేసరికి నేను అరిసెల పాకం దగ్గర ఉండేదాన్ని. వదిలేసి వస్తే పాకం ముదిరిపోదూ! నా చిన్నప్పుడు పండగలకి వి.సి.ఆర్. అద్దెకు తెచ్చి తెల్లవార్లూ సినిమాలు వేసేవారు. అప్పుడు మా అమ్మా అంతే, చేతిలో గరిటెతో గుమ్మంలో నిలబడే చూసేది.

ఇలా కాదని శనివారం ఏడింటికల్లా వంటిల్లు కట్టేయాలని నియమం పెట్టుకున్నాను. ఆ రోజు కూరల జోలికి పోను. మిరియాల చారు, కందిపొడి, వేయించిన వడియాలు, అంతే. ఆరున్నరకే భోజనాలు. బల్లమీద చెంబుతో మంచినీళ్లు, ఫ్లాస్కులో మిరియాలపాలు ముందే పెట్టేస్తాను. సినిమా మొదలయ్యాక నన్ను ఎవరూ ఏదీ అడగకూడదు. మొదటి వారం మావారు అలవాటుకొద్దీ "ఏమోయ్, మంచినీళ్లు" అన్నారు. నేను కదల్లేదు. ఆయనే లేచి ముంచుకున్నారు!

నోటికి పని కావాలంటే చలికాలంలో తేగలకి మించినవి లేవు. శుభ్రంగా కడిగి, కుక్కర్లో పట్టేలా ముక్కలు చేసి, ఉప్పేసి మెత్తబడేదాకా ఉడికించాలి. పీచు తీసుకుంటూ, మధ్యలో చందమామ ఎవరికి వచ్చిందో చూసుకుంటూ తింటుంటే సినిమా సగం అయిపోయినా తెలియదు. చిలగడదుంపలూ బాగుంటాయి. ఒక్క మాట, చలిగా ఉంది కదా అని తలుపులు, కిటికీలు మూసిన గదిలో బొగ్గుల కుంపటి మాత్రం పెట్టకండి. దాంట్లోంచి వచ్చే విషవాయువుకి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. దుప్పట్లు, స్వెట్టర్లు చాలు.

ఏ సినిమా అన్నదానిమీద పేచీ రాకుండా ఒక వారం పాతది, ఒక వారం కొత్తది అనుకున్నాం. మొదటిది నా ఇష్టం, 'మాయాబజార్'. 1957 నాటిది. 2010లో రంగుల్లోకి మార్చి విడుదల చేశారు కానీ మేము నలుపు తెలుపుల్లోనే చూశాం. మార్కస్ బార్ట్‌లే కెమెరాలో పట్టిన ఆ వెన్నెలకి రంగెందుకండీ? అన్నిటికన్నా నేను తెల్లబోయింది సావిత్రిని చూసి. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో ఉన్నప్పుడు ఆవిడ నడక, చూపు, మీసం మీద చెయ్యి వేయబోయి సర్దుకోవడం... ఇవన్నీ వంటింట్లోకి వినబడవు కదా! ఎస్వీ రంగారావు నోట్లోకి లడ్లు వాటంతటవే ఎగిరి వస్తుంటే ఇంటర్ చదివే మా అమ్మాయి సెల్‌ఫోన్ పక్కన పెట్టేసింది.

అసలు సంగతి చెప్పాలి. ఆ ఏడాది శ్రావణంలో మా మామయ్యగారు పోయారు. అప్పటినుంచి అత్తయ్యగారు హాల్లోకి రావడం మానేశారు. పెట్టింది తినడం, తన గదిలో గోడకేసి తిరిగి పడుకోవడం. ఆవిడకి 74 ఏళ్లు. ఏం మాట్లాడించినా "ఊఁ" అనేవారు. మొదటి రెండు శనివారాలు పిలిచినా రాలేదు. మూడోవారం 'అహ నా పెళ్లంట' పెట్టాం, 1987లో వచ్చిన జంధ్యాల సినిమా. పిసినారి కోట శ్రీనివాసరావు కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తింటుంటే మేమంతా ఒకటే నవ్వు. చూస్తే అత్తయ్యగారు శాలువా కప్పుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఏమీ అనకుండా కుర్చీ జరిపాను.

ఆ తర్వాతి వారం అమ్మాయి తెలియక 'మిథునం' పెట్టేసింది. శ్రీరమణగారి కథని తనికెళ్ల భరణి 2012లో సినిమాగా తీశారు. తెరమీద ఇద్దరే, బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి. ముసలి దంపతులు, ఆయనకి తిండి యావ, ఇద్దరికీ ఎప్పుడూ గిల్లికజ్జాలు. ఆఖర్లో ఆయన వెళ్లిపోతాడు. ఆ సంగతి నాకు తెలుసు. అందుకే రిమోట్ అందుకోబోయాను. అత్తయ్యగారు నా చెయ్యి పట్టుకుని "ఉండనీవే" అన్నారు. అయ్యేదాకా ఆ చెయ్యి వదల్లేదు. కళ్లు తుడుచుకుని లేచి పడుకున్నారు. నేను తప్పు చేశానేమోనని రాత్రంతా నిద్రపట్టలేదు.

తెల్లవారి వంటింట్లోకి వచ్చి, "మినపప్పు నానబోశావా? మీ మామయ్యగారికి ఈ చలిలో దిబ్బరొట్టె ఉండాలి" అన్నారు. నాలుగు నెలల తర్వాత ఆవిడ నోట మామయ్యగారి మాట రావడం అదే. గ్లాసు మినపప్పుకి రెండు గ్లాసుల బియ్యపు రవ్వ, కాస్త జీలకర్ర, ఉప్పు. ఇనపమూకుట్లో నూనె వేసి మందంగా పోసి, మూతపెట్టి సన్నసెగమీద ఎర్రగా కాలేదాకా వదిలేయాలి. తిరగెయ్యడం ఆవిడే చేశారు. "ఆయనకి మాడిన అంచే కావాలి, చెరకు పానకంలో ముంచుకుని" అంటూ ఆ అంచు తుంచి నా పళ్లెంలో వేశారు.

కొత్త సినిమాలూ ఆవిడకి నచ్చాయి. 2020లో వచ్చిన 'మిడిల్ క్లాస్ మెలోడీస్'లో గుంటూరు కుర్రాడు బొంబాయి చట్నీతో హోటల్ పెట్టాలని తిప్పలు పడతాడు. మర్నాడు మా ఇంట్లో పూరీలు, బొంబాయి చట్నీ! 2019 నాటి 'ఓ బేబీ'లో ముసలావిడ పడుచుపిల్ల అయిపోతే, "నాకు వద్దమ్మా, మళ్లీ ఆ చాకిరీ అంతా ఎవరు చేస్తారు" అన్నారు. మావారు మాత్రం ఏ కొత్త సినిమా పెట్టినా అరగంటకే గురక. ఆయనకి దుప్పటి ఉంటే చాలు.

ఈ ఏడాది చలి మొదలవగానే అత్తయ్యగారే 'గుండమ్మ కథ' అడిగారు. 1962 నాటిది, సూర్యకాంతం గొంతు ఇప్పటికీ పక్కింటిదాకా వినిపించాల్సిందే. సవతి కూతురు సావిత్రితో ఆవిడ పనంతా చేయిస్తుంటే అత్తయ్యగారు కాసేపు చూసి నావైపు తిరిగారు.

"ఏమే, నువ్వు కొత్తగా వచ్చినప్పుడు నేనూ ఇంత గయ్యాళిగా ఉండేదాన్నా?"

"తేగలు చల్లారిపోతున్నాయి, తినండి అత్తయ్యా" అన్నాను.