పని ఆగకుండ సూచికను మార్చుట ఎట్లు?

రిజిస్ట్రారు కచేరీలో దస్తావేజుల సంపుటములతోపాటు సూచిక పుస్తకములును ఉండును. 1908వ సంవత్సరపు రిజిస్ట్రేషను చట్టము ప్రకారము మొదటి సూచిక వ్యక్తుల పేర్లకును, రెండవది ఆస్తి వివరములకును ఏర్పడినవి. సూచిక లేనిచో ఒక్క పత్రమునకై సంపుటములన్నియు తిరుగవేయవలసి వచ్చును. కంప్యూటరులోని పట్టికలకును ఇదే న్యాయము. కర్ణాటకమున ‘భూమి’ పథకము క్రింద ఇంచుమించు 2 కోట్ల భూమి పత్రములు కంప్యూటరు కెక్కినవి. మన హట్టి ప్రాంతమునుండి పహాణి కొరకు లింగసుగూరు పోవు రైతు, అంత రాశిలోను తన పత్రము క్షణములో దొరకునని నమ్మియే పోవుచున్నాడు. ఆ నమ్మిక నిలుచుటకు చేయు పనిని గూర్చి మేమిచట కొంత చెప్పదలచితిమి.

1970లో బోయింగు సంస్థలో పనిచేయుచుండిన బేయర్, మెక్‌క్రైట్ అనువారు ‘బి-వృక్షము’ అను సూచికను వెలువరించిరి. వేరునుండి కొమ్మకు, కొమ్మనుండి ఆకునకు దిగుచు, కోట్ల వరుసలలో ఒకదానిని నాలుగైదు మెట్లలో చేరవచ్చును. కాని చేర్పులు, తీసివేతలు సాగినకొలది ఆకులలో ఖాళీలు మిగిలి సూచిక ఉబ్బును. అక్షరక్రమమును నిర్ణయించు సాఫ్టువేరు మారినచో వరుసయే తప్పి, ఉన్న పేరును లేదని చెప్పవచ్చును. అప్పుడు దానిని తిరిగి కట్టక తప్పదు.

సామాన్య పద్ధతిలో కట్టుచున్నంతసేపు పట్టికలో వ్రాతలు నిలిచిపోవును. పెద్ద పట్టికకు గంటలు పట్టును. ఆ పూట కచేరీకి వచ్చినవాడు కూలి పోగొట్టుకొని వట్టిచేతులతో మరలవలసినదే.

ఈ చిక్కునకు 1992లో ఐ.బి.ఎం. సంస్థకు చెందిన సి. మోహన్, ఇందర్‌పాల్ నారంగ్ అనువారు ఉపాయములు ప్రకటించిరి. వీరిలో మోహన్ మద్రాసు ఐ.ఐ.టి.లో చదివినవారు. పట్టికలో చదివి ముగించిన భాగమున జరుగు మార్పులను వేరొక చిట్టాలో వ్రాసియుంచి, పిమ్మట వాటిని వరుసగా క్రొత్త సూచికలో చేర్చుట అందొకటి.

పోస్ట్‌గ్రెస్ అను సాఫ్టువేరు 2006 నాటి 8.2 కూర్పులో పని ఆపకుండ సూచికను కట్టు ఆజ్ఞను, 2019 నాటి 12వ కూర్పులో తిరిగి కట్టు ఆజ్ఞను సమకూర్చెను. పాత సూచిక సేవ చేయుచుండగనే ప్రక్కన క్రొత్తది లేచును. మొదట పట్టికనంతయు చదివి కట్టును. ఆలోపల వచ్చిన వరుసలను రెండవ పర్యాయము చేర్చును. ముందు మొదలైన లావాదేవీలు ముగియువరకు వేచును. అటుపిమ్మట పేర్లు మార్చి పాతదానిని తొలగించును.

ఇందుకు రెండు సూచికలకు చాలినంత స్థలము కావలెను. కాలమును ఎక్కువ పట్టును. నడుమ విఫలమైనచో చెల్లని సూచిక మిగులును. దానిని తీసివేసి మరల మొదలిడవలెను. 14వ కూర్పులో 14.3 వరకు ఈ ఆజ్ఞలందే దోషముండి సూచికలు చెడు ప్రమాదము కలిగెను. 2022 జూనులో వచ్చిన 14.4 దానిని సరిదిద్దెను. కావున కట్టిన పిదప పరీక్షించుటయు పనిలో భాగమే.

గని పనివారి బిడ్డలకు ఈ నీతి క్రొత్త కాదు. క్రొత్త దారి గట్టిదని తేలువరకు పాత దారిని మూయరాదు.