ఫ్రెయిల్టీ

వయసు మీదపడ్డాక శరీరంలోని నిల్వశక్తి తరిగిపోయి, చిన్న జ్వరానికే మంచం పట్టే స్థితిని వైద్యులు ఫ్రెయిల్టీ అంటారు. 2001లో లిండా ఫ్రీడ్ బృందం దీనికి ఐదు గుర్తులు చెప్పింది: కారణం లేకుండా బరువు తగ్గడం, విడవని నీరసం, చేతిపట్టు సడలడం, నడక మందగించడం, కదలికలు తగ్గిపోవడం. మూడు కనిపిస్తే ఫ్రెయిల్టీ ఉన్నట్టే.

ముసలివాళ్ల కోసం పుట్టిన ఈ కొలతను లండన్‌లో ఇల్లులేనివారి హాస్టల్లో 33 మందికి వాడి చూశారు. 2020లో వెలువడిన ఆ ఫలితాలు కలచివేస్తాయి. వారి సగటు వయసు 56 కూడా లేదు. సగానికి పైగా ఫ్రెయిల్టీ బారిన పడ్డారు. వారి స్కోర్లు సాధారణ జనంలో 89 ఏళ్లవారితో సమానం! పడిపోవడం, మతిమరుపు, తిండి చాలకపోవడం కూడా వారిలో బయటపడ్డాయి.

ఇంగ్లండ్‌లో 2014 నాటి కేర్ చట్టం ప్రకారం, సంరక్షణ అవసరమని కనిపించిన 18 ఏళ్లు నిండిన ఎవరినైనా స్థానిక కౌన్సిల్ పరిశీలించాలి. స్నానం, తిండి, బట్టలు వేసుకోవడం, ఇంటిని వాడుకోగలగడం వంటివాటిలో కనీసం రెండు చేసుకోలేక, బతుకు బాగా దెబ్బతింటుంటే సాయానికి అర్హులు. వృద్ధాప్యమే రావాలన్న షరతేమీ లేదు. అయినా యాభయ్యేళ్ల మనిషి తడబడుతూ నడిస్తే మద్యం మత్తేనని తీర్మానించడం తేలిక. అందుకే హాస్టల్ సిబ్బందికే ఈ గుర్తులు నేర్పాలి. రోజూ ఆ నడకను చూసేది, తినకుండా వదిలేసిన పళ్లెం తీసేది వాళ్లే.